సీ ఫంక్షన్ నుంచి ఎఫ్‌పీజీఏ దాకా: సోబెల్ ఎడ్జ్ డిటెక్టర్ ప్రాజెక్టు డైరీ

పని, భాగాలు

చిత్రంలో వెలుతురు ఒక్కసారిగా మారే చోట్లను (ఎడ్జ్‌లను) సోబెల్ అనే పద్ధతితో పట్టుకునే సర్క్యూట్‌ను ఎఫ్‌పీజీఏలో, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్‌లో, పెట్టడం మా పని. ఇన్‌పుట్ 640×480 గ్రే చిత్రం, పిక్సెల్‌కు 8 బిట్లు. అవుట్‌పుట్ అదే పరిమాణంలో ఎడ్జ్ మ్యాప్: ఎడ్జ్ ఉన్నచోట 255, లేనిచోట 0. సెకనుకు 30 ఫ్రేములు కావాలి. స్పెసిఫికేషన్ పేరుతో వచ్చింది ఒక చిన్న సీ ఫంక్షన్. ప్రతి పిక్సెల్ చుట్టూ 3×3 విండో తీసుకుంటుంది, అడ్డంగా జీఎక్స్ (కుడి, ఎడమ కాలమ్‌ల తేడా), నిలువుగా జీవై (పై, కింది వరుసల తేడా) లెక్కకడుతుంది, రెండింటి వర్గాలు కలిపి ఫ్లోటింగ్ పాయింట్‌లో వర్గమూలం తీస్తుంది, అది థ్రెషోల్డ్ (మనం పెట్టిన హద్దు) దాటితే 255 రాస్తుంది.

ఈ పరిమాణం, ఈ వేగం మాత్రమే అయితే హార్డ్‌వేర్ అక్కర్లేదు. నియాన్ సూచనలతో (ఒకేసారి చాలా పిక్సెళ్ల మీద పనిచేసేవి) రాస్తే చిప్‌లోని రెండు కార్టెక్స్-ఏ9 ప్రాసెసర్ కోర్లలో ఒక్కటే నెట్టుకొస్తుంది. ఇక్కడ రెండు కోర్లకూ వేరే పనులున్నాయి, పైగా పిక్సెల్ లోపలికి వెళ్లినప్పటి నుంచి ఫలితం వచ్చేదాకా పట్టే ఆలస్యం ఫ్రేముకో రకంగా ఉండకూడదు. ప్రోగ్రామబుల్ లాజిక్‌లోకి (చిప్‌లోని ఎఫ్‌పీజీఏ భాగంలోకి) దించుతున్నది ఈ రెండు కారణాల వల్లే.

చిప్ జింక్-7020, ప్రాసెసర్, ఎఫ్‌పీజీఏ రెండూ ఒకే చోట ఉన్నది. లాజిక్ వైపు 53,200 లుక్అప్ టేబుళ్లు (చిన్న లాజిక్ పనులకు), 1,06,400 ఫ్లిప్‌ఫ్లాపులు (ఒక్కో బిట్ నిలవకు), 36 కిలోబిట్ల బ్లాక్ ర్యాములు (లోపలి మెమరీ ముక్కలు) 140, డీఎస్పీ బ్లాకులు (గుణకారాలకు) 220. లాజిక్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, అంటే సైకిల్‌కు 10 నానోసెకన్లు. మన సోబెల్ సర్క్యూట్‌ను ఇకపై కోర్ అంటాం. దాన్ని రాయడానికి వైటిస్ హెచ్ఎల్ఎస్ (సీ కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చే టూల్), మిగతా భాగాలతో కూర్చడానికి వివాడో.

సీ కోడ్‌లో లేని సమాచారం

సీ ఫంక్షన్ ఏం లెక్కకట్టాలో చెబుతుంది. హార్డ్‌వేర్‌కు ఇంకో మూడు సంగతులు తెలియాలి: ప్రతి సంఖ్య ఎన్ని బిట్లు, ప్రతి విలువ ఎక్కడ నిలవ ఉంటుంది, ఏది ఏ సైకిల్‌లో వస్తుంది. సీలో మొదటిది "ఇంట్" అనే మాట వెనక, రెండోది పాయింటర్ వెనక దాక్కుంటాయి. మూడోదానికి సీలో చోటే లేదు. ఈ మూడింటినీ తేల్చకుండా ఆ ఫంక్షన్‌ను యథాతథంగా హెచ్ఎల్ఎస్‌కు ఇస్తే టూల్ ఏదో ఒక సర్క్యూట్ ఇస్తుంది, అది సరిగ్గా పనిచేస్తుంది కూడా. వాడుకోదగినంత వేగం మాత్రం ఉండదు. అందుకే కోర్ మొదలుపెట్టే ముందు స్పెసిఫికేషన్‌నే తిరగరాశాం.

మొదట దొరికిన ఖాళీ చిత్రం అంచుల దగ్గర. అసలు ఫంక్షన్ లూప్ వరుస 1 నుంచి 478 వరకు, కాలమ్ 1 నుంచి 638 వరకు తిరుగుతుంది. చుట్టూ ఉన్న ఒక పిక్సెల్ చట్రంలో అది ఏమీ రాయదు. పీసీలో అక్కడ 0 కనిపించడానికి కారణం మెమరీని ముందే సున్నాలతో నింపి ఇచ్చిన కాలర్ ఫంక్షన్. స్ట్రీమ్‌లో (పిక్సెళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రవాహంలో) "ఏమీ రాయకపోవడం" కుదరదు, 3,07,200 పిక్సెళ్లు లోపలికి వెళితే అన్నీ బయటికి రావాలి. అంచు పిక్సెల్ విలువ 0 అని స్పెసిఫికేషన్‌లో ఒక వాక్యం చేర్చాం.

రెండోది థ్రెషోల్డ్ మార్పు. ఫ్రేము మధ్యలో ప్రాసెసర్ కొత్త విలువ రాస్తే పై సగం ఒక థ్రెషోల్డ్‌తో, కింది సగం మరోదానితో వస్తుందా? ఫ్రేము మొదట్లో ఒకసారి చదివి, చివరిదాకా అదే వాడాలని నిర్ణయం. హెచ్ఎల్ఎస్‌లో దీన్ని సాధించడం తేలిక. ఆర్గ్యుమెంట్‌ను లూప్ బయట లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేస్తే చాలు.

వర్గమూలం తీసేయడం

ఇలాంటి పనుల్లో వర్గమూలాన్ని |జీఎక్స్|+|జీవై| తో మార్చేయడం మామూలు. కానీ ఆ రెండూ ఒకటి కావు. 45 డిగ్రీల ఎడ్జ్ మీద ఈ మొత్తం అసలు విలువకు 1.41 రెట్లు వస్తుంది, అంటే ఏటవాలు గీతలు అనవసరంగా థ్రెషోల్డ్ దాటుతాయి. అది స్పెసిఫికేషన్‌ను మార్చడమే, ఎవరి అనుమతీ లేకుండా చేయకూడని పని.

ఇక్కడ ఆ అవసరమే లేదు. అవుట్‌పుట్ 0 లేదా 255 మాత్రమే కాబట్టి పోలిక ఫలితం ఒక్కటే కావాలి. థ్రెషోల్డ్ టీ ధన పూర్ణాంకం అయినప్పుడు, వర్గమూలం టీ కంటే పెద్దదా అని అడగడమూ, వర్గాల మొత్తం టీ వర్గం కంటే పెద్దదా అని అడగడమూ ఒకటే. టీ వర్గాన్ని ప్రాసెసర్ ఒకసారి లెక్కకట్టి రిజిస్టర్‌లో రాస్తుంది. హార్డ్‌వేర్‌లో మిగిలేవి రెండు గుణకారాలు, ఒక కూడిక, ఒక పోలిక. ఫ్లోటింగ్ పాయింట్ వర్గమూలానికి లోతైన పైప్‌లైన్ (ఒకదాని తర్వాత ఒకటిగా చాలా దశలు), వందల లుక్అప్ టేబుళ్లు ఖర్చయ్యేవి. ఇప్పుడు రెండు డీఎస్పీ బ్లాకులతో సరిపోతుంది. పాత కోడ్‌తో ప్రతి బిట్ సరిపోలుతుంది, ఎందుకంటే ఇక్కడి సంఖ్యలన్నీ 24 బిట్ల లోపే ఉంటాయి కాబట్టి సింగిల్ ప్రెసిషన్ ఫ్లోట్ వాటిని నష్టం లేకుండా పట్టుకుంటుంది.

బిట్ల లెక్క

కుడి కాలమ్ మొత్తం (1, 2, 1 గుణకాలతో) గరిష్ఠంగా 4×255 = 1020. దీనికి సైన్ లేని 10 బిట్లు చాలు. ఎడమ కాలమ్ కూడా అంతే. తేడా -1020 నుంచి 1020 దాకా, సైన్‌తో 11 బిట్లు. వర్గం గరిష్ఠంగా 10,40,400, అది 20 బిట్లలో (10,48,575 దాకా) పడుతుంది. రెండు వర్గాల మొత్తం 20,80,800 దాటదు, 21 బిట్ల పరిమితి 20,97,151. 2తో గుణించడం ఎడమవైపు ఒక బిట్ జరపడమే, దానికి సర్క్యూట్ ఖర్చు లేదు, వైర్లు ఒక స్థానం పక్కకి వెళతాయంతే.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమంటే, సీ భాషలో 8 బిట్ల వేరియబుళ్లు తీసివేతకు ముందు తమంతట తామే ఇంట్‌గా మారతాయి. ఆ సౌకర్యం వల్ల అసలు కోడ్‌లో తప్పు ఎక్కడా కనిపించదు. హెచ్ఎల్ఎస్‌లో కచ్చితమైన వెడల్పు టైపులు వాడినప్పుడు ఎక్స్‌ప్రెషన్ లోపల వెడల్పు పెరుగుతుంది, కానీ చిన్న వేరియబుల్‌లో వేసేటప్పుడు పైబిట్లు నిశ్శబ్దంగా రాలిపోతాయి. జీఎక్స్‌ను పొరపాటున 10 బిట్ల సైన్డ్‌గా ప్రకటిస్తే పరిధి -512 నుంచి 511. మామూలు ఫొటోల మీద బాగానే నడుస్తుంది, గట్టి నలుపు-తెలుపు గీత వచ్చినప్పుడు మాత్రం ఆ ఎడ్జ్ మాయమవుతుంది. బలమైన ఎడ్జ్‌లు పోయి బలహీనమైనవి మిగిలితే ముందు చూడాల్సింది ఇదే.

ఇదే కోవలో రిజిస్టర్ వైపు ఒక ఉచ్చు ఉంది. టీ వర్గానికి 21 బిట్లే. 1448 వర్గం 20,96,704, సరిపోతుంది. 1449 వర్గం 20,99,601. ఇందులోంచి 20,97,152 పోతే మిగిలేది 2,449, అంటే థ్రెషోల్డ్ ఒక్కసారిగా 49 దగ్గరికి పడిపోయినట్టే. వాడేవారు ఎడ్జ్‌లు తగ్గించాలని టీ పెంచుకుంటూ పోతే ఒక దశలో చిత్రమంతా తెల్లగా నిండిపోతుంది. డ్రైవర్‌లో టీని 1448 దగ్గర ఆపాం.

పిక్సెళ్లు ఎక్కడ ఉండాలి

సమయం ఎక్కువ పెట్టాల్సిన చోటు ఇదే. సోబెల్‌లో మధ్య పిక్సెల్ గుణకం 0 కాబట్టి ఒక్కో ఫలితానికి 8 పిక్సెళ్లు కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయన్న దాన్నిబట్టే వేగం తేలుతుంది, కూడికలు, గుణకారాలు అసలు సమస్యే కావు.

అసలు కోడ్‌ను మార్చకుండా డీడీఆర్ (చిప్ బయటి ప్రధాన మెమరీ) పాయింటర్‌తో ఇస్తే ఒక్కో పిక్సెల్‌కు 8 రీడ్‌లు. ఒకే పోర్టు మీద సైకిల్‌కు ఒకటి చొప్పున వచ్చినా 24,57,600 సైకిళ్లు, 24.6 మిల్లీసెకన్లు. అది కూడా కాగితం మీదే. బర్స్ట్ (వరుస చిరునామాలను ఒకే అభ్యర్థనతో తేవడం) కాని ఒంటరి రీడ్‌లకు డీడీఆర్ ఒక్కోదానికి పదుల సైకిళ్లు తీసుకుంటుంది కాబట్టి నిజంలో అంతకంటే ఎన్నో రెట్లు పడుతుంది.

ఫ్రేము మొత్తాన్ని బ్లాక్ ర్యాములోకి తెచ్చుకుంటే? 36 కిలోబిట్ల బ్లాకును బైట్ల వెడల్పులో వాడితే 4,096 స్థానాలు వస్తాయి. 3,07,200ను 4,096తో భాగిస్తే కచ్చితంగా 75 బ్లాకులు. 7020లో సగానికి పైగా అయిపోతాయి. దాని తమ్ముడు 7010లో ఉన్నవే 60, అందులో పట్టనే పట్టదు. పైగా బ్లాక్ ర్యాముకు రెండే పోర్టులు, 8 రీడ్‌లకు 4 సైకిళ్లు. ఫ్రేముకు 12.3 మిల్లీసెకన్లు, నింపడానికి ఇంకో 3.07. ఇంత ఖర్చుపెట్టినా సైకిల్‌కు ఒక పిక్సెల్ రాలేదు.

దారి లైన్ బఫర్, అంటే ఇటీవలి వరుసలను మాత్రమే నిలవ ఉంచే చిన్న మెమరీ. పిక్సెళ్లు వరుస క్రమంలో వస్తున్నప్పుడు కొత్త పిక్సెల్‌తో పాటు అదే కాలమ్‌లో పై రెండు వరుసల పిక్సెళ్లు తెలిస్తే చాలు. ఆ మూడింటినీ 3×3 రిజిస్టర్ల విండోలోకి కుడివైపు నుంచి తోస్తాం, ఎడమ కాలమ్ బయటికి పోతుంది. విండోలోని 9 పిక్సెళ్లూ ఫ్లిప్‌ఫ్లాపుల్లో ఉంటాయి కాబట్టి అన్నింటినీ ఒకే సైకిల్‌లో చదవొచ్చు. ఇక నిలవ ఉండాల్సింది రెండు వరుసలే: 1,280 బైట్లు.

ఆ రెండు వరుసలను రెండు అర్రేలుగా పెడితే 18 కిలోబిట్ల బ్లాక్ ర్యాములు రెండు పడతాయి. ఒకే అర్రేగా, 16 బిట్ల వెడల్పుతో, ఒక్కో స్థానంలో పై బైటులో రెండు వరుసల ముందు వచ్చిన పిక్సెల్, కింది బైటులో ఒక వరుస ముందు వచ్చిన పిక్సెల్ పెడితే ఒక్కటి సరిపోతుంది. 640×16 = 10,240 బిట్లు, 1,024×18 ఆకారంలో హాయిగా పడతాయి. ప్రతి కాలమ్ దగ్గర ఒక రీడ్ (పాత రెండు బైట్లు), అదే చిరునామాకు ఒక రైట్ (పాత కింది బైటు పైకి, కొత్త పిక్సెల్ కిందికి). ఒక రీడ్ పోర్టు, ఒక రైట్ పోర్టు. 75 బ్లాకుల పని సగం బ్లాకులోకి వచ్చింది. అల్గారిదమ్‌లో ఒక్క అక్షరం మారలేదు, డేటా నడిచే దారి మాత్రమే మారింది. సాఫ్ట్‌వేర్ నుంచి హార్డ్‌వేర్‌కు వచ్చేవారు బాగా పట్టుకోవాల్సిన పద్ధతి ఇదేనని మా అభిప్రాయం.

లూప్ 481×641

వరుస నంబరు ఆర్, కాలమ్ నంబరు సీ అయిన పిక్సెల్ వచ్చేసరికి విండో మధ్యలో ఉండేది ఆర్-1, సీ-1 పిక్సెల్. అంటే ఫలితం ఎప్పుడూ ఒక వరుస, ఒక కాలమ్ వెనక ఉంటుంది. అందుకే లూప్‌ను 481 వరుసలు, 641 కాలమ్‌లు తిప్పుతాం. ఆర్ 480 కంటే, సీ 640 కంటే తక్కువైతేనే ఇన్‌పుట్ చదవడం. రెండూ 0 కంటే ఎక్కువైతేనే అవుట్‌పుట్ రాయడం. రీడ్‌లు 3,07,200, రైట్‌లు 3,07,200. మొత్తం 3,08,321 సైకిళ్లు, అదనం 1,121, అంటే 11.2 మైక్రోసెకన్లు. రెండు లూప్‌లను ఒకే సరళరేఖ కౌంటర్‌గా మారిస్తే ఇంకో 480 సైకిళ్లు మిగులుతాయి. 4.8 మైక్రోసెకన్ల కోసం కౌంటర్ లాజిక్‌ను చిక్కుపరచడం దండగ.

కాలమ్ 640 దగ్గర లైన్ బఫర్ ముట్టుకోకూడదు, ఆ చిరునామా లేదు. సీ సిమ్యులేషన్‌లో (కోడ్‌ను మామూలు సీ ప్రోగ్రామ్‌గా నడిపే పరీక్షలో) అర్రే దాటిన రీడ్ చాలాసార్లు ఏ ఫిర్యాదూ లేకుండా సాగిపోతుంది. అడ్రస్ శానిటైజర్ (ఇలా హద్దు దాటే రీడ్‌లను పట్టుకునే సాధనం) పెట్టి ఒకసారి నడపాలి.

ప్రాగ్మాలు (కోడ్‌లో టూల్‌కు ఇచ్చే ఆదేశాలు) నాలుగు. లోపలి లూప్‌కు పైప్‌లైన్, ఇనిషియేషన్ ఇంటర్వల్ 1 (ప్రతి సైకిల్‌కూ ఒక కొత్త ఇటరేషన్ మొదలు). విండో అర్రేకు పూర్తి పార్టిషన్ (ప్రతి స్థానాన్నీ విడి రిజిస్టర్‌గా చేయడం), లేకపోతే టూల్ దాన్ని మెమరీగా తీసుకునే అవకాశముంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు ఏఎక్స్ఐ స్ట్రీమ్, థ్రెషోల్డ్‌కూ స్టార్ట్ నియంత్రణకూ ఏఎక్స్ఐ లైట్ (రెండూ చిప్ లోపలి భాగాలను కలిపే ప్రామాణిక పద్ధతులు, మొదటిది డేటా ప్రవాహానికి, రెండోది రిజిస్టర్లకు). నాలుగోది లైన్ బఫర్ మీద డిపెండెన్స్ ప్రాగ్మా. ఒక ఇటరేషన్‌లో రాసిన చిరునామానే తర్వాతి ఇటరేషన్ చదువుతుందేమోనని టూల్ జాగ్రత్తపడి ఇంటర్వల్‌ను 2కు పెంచవచ్చు. అదే చిరునామా మళ్లీ వచ్చేది 641 ఇటరేషన్ల తర్వాతే కాబట్టి ఇటరేషన్ల మధ్య ఆధారం లేదని చెప్పడం సురక్షితం. చిత్రం వెడల్పు పైప్‌లైన్ లోతు కంటే ఎక్కువ ఉన్నంతవరకే ఈ మాట నిజం. 4 పిక్సెళ్ల వెడల్పు టెస్ట్ చిత్రంతో కో-సిమ్యులేషన్ (టూల్ తయారుచేసిన సర్క్యూట్‌నే నడిపి చూసే పరీక్ష) చేస్తే ఫెయిల్ కావచ్చు, సీ సిమ్యులేషన్ మాత్రం పాస్ అవుతుంది. అక్కడ డిజైన్ తప్పు లేదు, ప్రాగ్మాతో టూల్‌కు ఇచ్చిన మాట ఆ చిత్రానికి చెల్లదు.

సింథసిస్ రిపోర్టులో (కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చాక టూల్ ఇచ్చేది) ముందు చూడాల్సింది ఇంటర్వల్. 1 అని ఉంటే మిగతావి సర్దుకోవచ్చు. 2, 3 అని ఉంటే ఏ వేరియబుల్ మీద పోర్టులు చాలలేదో, ఏ ఆధారం అడ్డొచ్చిందో లాగ్‌లో రాసి ఉంటుంది, అది వదిలేసి ప్రాగ్మాలు గుడ్డిగా మార్చుకుంటూ పోతే లాభం లేదు. బ్లాక్ ర్యాము వరుసలో 1 కాకుండా పెద్ద సంఖ్య కనిపిస్తే రెండు వరుసలను ఒకే అర్రేలో సర్దడం కుదరలేదని అర్థం.

టెస్ట్ చిత్రాలు

ఫొటోలతో పోల్చడం చివరి మెట్టు. అంతకుముందు, ఫలితం చేత్తో లెక్కకట్టగలిగే చిత్రాలు కావాలి.

నల్ల చిత్రంలో (10,10) దగ్గర ఒకే ఒక తెల్ల పిక్సెల్ అన్నింటికంటే ఉపయోగకరం. పైన, కింద, ఎడమ, కుడి పక్కలో వర్గాల మొత్తం 510×510 = 2,60,100. నాలుగు మూలల్లో 255 వర్గం రెండుసార్లు, 1,30,050. మధ్యలో 0. కాబట్టి టీ 360 (వర్గం 1,29,600) అయితే ఎనిమిది చుక్కల చట్రం, 361 (వర్గం 1,30,321) అయితే నాలుగే చుక్కలు. ఒకే చిత్రంతో మూడు సంగతులు తెలుస్తాయి: చట్రం మధ్య (10,10) కాకుండా (11,11)లో ఉంటే ఒక వరుస, ఒక కాలమ్ సవరణ మరిచారు, మూలలు 360కే మాయమైతే బిట్లు పోతున్నాయి, చట్రం ఒకవైపే వంగితే లైన్ బఫర్‌లో పై, కింది బైట్లు తారుమారయ్యాయి.

ఒక్కో పిక్సెల్‌కు రంగు మారే చదరంగం చిత్రం ఇస్తే అవుట్‌పుట్ మొత్తం 0 రావాలి. ఎడమ, కుడి కాలమ్‌లు ఒకేలా ఉంటాయి, పై, కింది వరుసలూ అంతే, తేడాలు సున్నా. ఎడ్జ్‌లతో నిండిన చిత్రంలా కనిపించినా సోబెల్‌కు అది చదును. ఇక్కడ ఏదైనా చుక్క వచ్చిందంటే విండోలో ఒక పిక్సెల్ తప్పు చోట ఉంది.

కో-సిమ్యులేషన్‌కు పూర్తి ఫ్రేము పెడితే చాలాసేపు పడుతుంది కాబట్టి 37×23 వంటి చిన్న పరిమాణం వాడాలి. 32, 64 వంటివి వద్దు. చిరునామా లెక్క తప్పినా 2 ఘాతాల దగ్గర చుట్టు తిరిగి సరైన చోటికే వస్తుంది, తప్పు దాగిపోతుంది.

డేటాతో పాటు స్ట్రీమ్ పక్క సిగ్నళ్లనూ టెస్ట్‌బెంచ్ (కోర్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) పరిశీలించాలి. టీకీప్ 1గా లేకపోతే ఆ బైటు చెల్లదని ప్రొటోకాల్ అర్థం. టీలాస్ట్ చివరి పిక్సెల్ మీద మాత్రమే 1. సీ టెస్ట్‌బెంచ్ పిక్సెళ్లను మాత్రమే పోలిస్తే ఈ రెండూ ఖాళీగా ఉన్నా పాస్ అవుతుంది, బోర్డు మీద ఆగిపోతుంది.

డీఎంఏ కలపడం

ఏఎక్స్ఐ డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీకి, స్ట్రీమ్‌కు మధ్య డేటా మోసే బ్లాక్) సింపుల్ మోడ్‌లో, స్కాటర్-గ్యాదర్ (బఫర్ల జాబితాతో నడిచే పద్ధతి) తీసేసి. మెమరీ వైపు 32 బిట్లు, స్ట్రీమ్ వైపు 8 బిట్లు, ప్రాసెసర్ వైపు హెచ్‌పీ పోర్టు (లాజిక్ నుంచి డీడీఆర్‌కు వేగమైన దారి).

మొదటి గోడ లెంగ్త్ రిజిస్టర్. డిఫాల్ట్‌గా 14 బిట్లు, అంటే ఒక ట్రాన్స్‌ఫర్‌కు 16,383 బైట్లే. 3,07,200కు 19 బిట్లు కావాలి. డీఎంఏ బ్లాక్ సెట్టింగుల్లో కనీసం 19 పెట్టాలి, 26 దాకా పెట్టొచ్చు. పెట్టకపోతే డ్రైవర్ ఎర్రర్ తిరిగిస్తుంది, ఆ రిటర్న్ విలువను చూడని కోడ్ మాత్రం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

రెండోది టీలాస్ట్. డీఎంఏకు ఫ్రేము చివర ఒక్కసారే. వీడియో డీఎంఏ వాడితే ప్రతి లైన్ చివర టీలాస్ట్, ఫ్రేము మొదటి పిక్సెల్ మీద టీయూజర్ సిగ్నల్. ఒకదాని కోసం రాసిన కోర్‌ను రెండోదానికి తగిలిస్తే ఫలితం విచిత్రంగా ఉంటుంది. మామూలు డీఎంఏకు లైన్ చివర టీలాస్ట్ వెళితే 640 బైట్లకే ట్రాన్స్‌ఫర్ పూర్తయిందని చెబుతుంది. అందుకున్న బైట్ల సంఖ్య లెంగ్త్ రిజిస్టర్‌లోనే కనిపిస్తుంది, అనుమానం వస్తే అది చదివితే తేలిపోతుంది.

నడిపే క్రమం: ముందు అందుకునే వైపు డీఎంఏ, తర్వాత కోర్ స్టార్ట్ బిట్, చివర పంపే వైపు. కోర్ కంట్రోల్ రిజిస్టర్ ఆఫ్‌సెట్ 0లో బిట్ 0 స్టార్ట్, బిట్ 1 డన్. థ్రెషోల్డ్ వర్గం ఆఫ్‌సెట్ 16లో. డన్ బిట్ చదవగానే చెరిగిపోతుంది. డీబగ్గర్ మెమరీ విండోలో ఆ చిరునామా తెరిచి ఉంచితే డీబగ్గరే దాన్ని చదివి చెరిపేస్తుంది, ప్రోగ్రామ్‌కు ఎప్పటికీ కనిపించదు.

ఎక్కడో ఆగిపోయినప్పుడు ఊహించడం కంటే ఐఎల్ఏ (చిప్ లోపలి సిగ్నళ్లను చూపే బ్లాక్) పెట్టి రెండు స్ట్రీమ్‌ల టీవాలిడ్ (పంపేవారి దగ్గర డేటా ఉంది), టీరెడీ (తీసుకునేవారు సిద్ధం) చూడటం మేలు. ఇన్‌పుట్‌లో వాలిడ్ 1, రెడీ 0 అయితే కోర్ స్టార్ట్ కాలేదు, లేదా తన అవుట్‌పుట్ తీసుకునేవారు లేక నిలిచింది. అవుట్‌పుట్‌లో వాలిడ్ 1, రెడీ 0 అయితే అందుకునే డీఎంఏ సిద్ధంగా లేదు. ఇన్‌పుట్‌లో రెడీ 1, వాలిడ్ 0 అయితే పంపే వైపు ఆగింది. దాదాపు ప్రతి కేసూ ఈ మూడింట్లో పడుతుంది.

క్యాష్

హెచ్‌పీ పోర్టు నేరుగా డీడీఆర్‌తో మాట్లాడుతుంది, ప్రాసెసర్ క్యాష్‌లో (ఇటీవల వాడిన డేటాను దగ్గర ఉంచుకునే చిన్న మెమరీలో) ఏముందో దానికి తెలియదు. ప్రాసెసర్ రాసిన చిత్రం క్యాష్‌లోనే ఉండి డీడీఆర్‌లో పాత డేటా ఉండొచ్చు. కాబట్టి పంపే ముందు సోర్స్ బఫర్‌ను ఫ్లష్ చేయాలి, అంటే క్యాష్‌లో ఉన్నది డీడీఆర్‌లోకి రాయించాలి. అందుకున్నాక చదివే ముందు గమ్యం బఫర్‌ను ఇన్‌వాలిడేట్ చేయాలి, అంటే క్యాష్‌లోని పాత కాపీని రద్దు చేయాలి. చాలామంది వదిలేసేది మూడోది: ట్రాన్స్‌ఫర్ మొదలుకాక ముందే గమ్యం బఫర్‌ను ఒకసారి ఫ్లష్ చేయడం. అంతకుముందు ప్రోగ్రామ్ ఆ బఫర్‌ను సున్నాలతో నింపి ఉంటే ఆ లైన్లు (క్యాష్ ఒకేసారి కదిపే ముక్కలు) క్యాష్‌లో "మార్చినవి"గా ఉంటాయి. డీఎంఏ రాస్తున్న మధ్యలో క్యాష్ వాటిని బయటికి తోస్తే ఫలితం మీద సున్నాలు పడతాయి.

లక్షణం గుర్తుపట్టడం తేలిక. కార్టెక్స్-ఏ9 క్యాష్ లైన్ 32 బైట్లు, మన పిక్సెల్ ఒక బైటు. చిత్రంలో కచ్చితంగా 32 పిక్సెళ్ల పొడవున్న పాత లేదా నల్ల గీతలు, ప్రతి రన్‌కూ వేరే చోట్ల కనిపిస్తే అది క్యాష్ సమస్య, కోర్ జోలికి వెళ్లొద్దు. బఫర్ల మొదలు, పొడవు 32కు గుణిజాలుగా ఉండాలి, లేకపోతే పక్క వేరియబుల్ అదే లైన్‌లో ఉండి ఇన్‌వాలిడేట్‌తో చెడిపోతుంది. 3,07,200 పొడవు 32తో నిశ్శేషంగా పోతుంది, మొదలు మాత్రం కంపైలర్‌కు చెప్పాలి.

టైమింగ్, కొలత

హెచ్ఎల్ఎస్ చెప్పే క్లాక్ అంచనాలో అసలు రూటింగ్ ఆలస్యం ఉండదు. అందుకే వైటిస్ హెచ్ఎల్ఎస్ క్లాక్ కాలంలో 27 శాతాన్ని అనిశ్చితిగా పక్కన పెడుతుంది. 10 నానోసెకన్లలో 7.3 మాత్రమే వాడుకుంటుంది. తుది మాట ప్లేస్ అండ్ రూట్ (చిప్ మీద భాగాలకు చోటు, వైర్లకు దారి కేటాయించే దశ) తర్వాత వచ్చే వర్స్ట్ నెగటివ్ స్లాక్‌దే (అతి నెమ్మది దారిలో గడువుకు మిగిలే సమయం). అది సున్నా కంటే తక్కువైతే బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోకి ఎక్కించే ఫైలు) తయారైనా వాడకూడదు. గది చల్లగా ఉన్నప్పుడు నడిచి, చిప్ వేడెక్కాక అక్కడక్కడ తప్పు పిక్సెళ్లు ఇచ్చే డిజైన్‌ను పట్టుకోవడం చాలా కష్టం.

సమయం కొలవడానికి ఏ9 గ్లోబల్ టైమర్ వాడాలి. అది ప్రాసెసర్ క్లాక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. లెక్క ప్రకారం రావాల్సింది 3.083 మిల్లీసెకన్లు, దాని మీద పైప్‌లైన్ లోతు, డీఎంఏ మొదలయ్యే కొన్ని మైక్రోసెకన్లు. 6 దగ్గర వస్తే ఇంటర్వల్ 2 అయింది. 3, 6 మధ్య స్థిరంగా లేకుండా తిరిగితే డీడీఆర్ పిక్సెళ్లను వేళకు అందించడం లేదు. డీఎంఏ బర్స్ట్ పరిమాణం డిఫాల్ట్ 16, దాన్ని 64కు పెంచి చూడాలి.

ఫలితాన్ని క్యాష్ లేని బఫర్ నుంచి బైటు బైటుగా కాపీ చేసుకునే ప్రోగ్రామ్ ఉంటే, ఆ కాపీకే కోర్ కంటే ఎక్కువ సమయం పట్టొచ్చు. కోర్‌ను ఇంకా వేగంగా చేయాలనే ఆలోచనకు ముందు ఈ కాపీని తొలగించాలి.

తర్వాతి పని: కెమెరా

ఇప్పటిదాకా పిక్సెళ్లు డీడీఆర్ నుంచి వచ్చాయి, కోర్ ఆగమంటే ఆగాయి. ఓవీ7670 కెమెరా ఆగదు. వీజీఏ (640×480) 30 ఫ్రేముల దగ్గర దాని పిక్సెల్ క్లాక్ 24 మెగాహెర్ట్జ్, వైయూవీ 4:2:2లో (వెలుతురును, రంగును విడి బైట్లుగా పంపే పద్ధతి) పిక్సెల్‌కు రెండు బైట్లు, వాటిలో ఒకటే వెలుతురు విలువ. అంటే లైన్ నడుస్తున్నంతసేపు సెకనుకు 1.2 కోట్ల పిక్సెళ్లు. రంగు బైటును పొరపాటున తీసుకుంటే చిత్రం మొత్తం వెలిసిన బూడిద రంగులో వచ్చి ఎడ్జ్‌లు దాదాపు కనిపించవు, అప్పుడు కెమెరా రిజిస్టర్లలో బైట్ల క్రమం చూడాలి.

కెమెరా క్లాక్‌కూ లాజిక్ క్లాక్‌కూ మధ్య అసింక్రోనస్ ఫిఫో (ముందు వచ్చింది ముందు వెళ్లే క్యూ) వస్తుంది. లోతు 1,024 పెడితే 18 కిలోబిట్ల బ్లాక్ ఒకటి, 85 మైక్రోసెకన్ల ఆటంకాన్ని తట్టుకుంటుంది. అంతకు మించి డీడీఆర్ వైపు ఆగితే పిక్సెళ్లు పోతాయి. ఒక్క పిక్సెల్ పోయినా కోర్ 3,07,200 లెక్క పూర్తి చేయడానికి తర్వాతి ఫ్రేము నుంచి ఒకటి తీసేసుకుంటుంది, అక్కడి నుంచి వచ్చే ప్రతి ఫ్రేమూ పక్కకి జరిగిపోతుంది, తనంతట తాను సర్దుకోదు. స్థిరమైన లూప్ లెక్కలున్న హెచ్ఎల్ఎస్ కోర్‌లో దీనికి మందు లేదు. ఫిఫో ముందు చేత్తో వెరిలాగ్‌లో (సర్క్యూట్‌ను నేరుగా వర్ణించే భాష) రాసిన చిన్న బ్లాక్ పెడుతున్నాం. ఫిఫో నిండితే మిగతా ఫ్రేమును రాయడం మానుకుంటుంది, ఎన్ని పిక్సెళ్లు వెళ్లాయో లెక్క మాత్రం నిలుపుకుంటుంది. ఫిఫోలో చోటు దొరికాక, ఫ్రేముల మధ్య కెమెరా మౌనంగా ఉండే వ్యవధిలో, లోటును సున్నాలతో పూడ్చి 3,07,200 చేస్తుంది. ఈ పని తర్వాతి వీసింక్ (కొత్త ఫ్రేము మొదలైందని కెమెరా ఇచ్చే సిగ్నల్) లోపు ముగియకపోతే, కొత్తగా మొదలయ్యే ఆ ఫ్రేమును మొత్తంగా వదిలేస్తుంది. దీని సిమ్యులేషన్‌లో ఒక ఫ్రేము మధ్యలో కావాలనే పిక్సెళ్లు తీసేసి, తర్వాతి ఫ్రేములో ఒంటరి తెల్ల పిక్సెల్ చట్రం (10,10) చుట్టూనే వస్తోందా అని చూడాలి.